నిచ్చెన కాళ్ళు ఎటు దిగాలి

హాన్‌కాక్, మిషిగన్
ఏప్రిల్ ఆఖరు, 1984

ప్రియమైన అర్మాస్‌కు,

నువ్వు ఓడెక్కడానికి వెళ్ళాక ఇక్కడ మళ్ళీ మంచు పడింది. ఆవిరిస్నానాల గది వెనకాల ఇప్పటికీ నడుమెత్తున ఉంది. వాకిట్లో మాత్రం నేల కనిపిస్తోంది. నేను బాగానే ఉన్నాను, ఒక్క మోకాలు తప్ప.

కంగారు పడకు. గ్యారేజీ అటక మీదికి ఎక్కుతుంటే మీ నాన్న చేసిన నిచ్చెన మెట్టు ఫెళ్ళున విరిగింది. కింద బంగాళాదుంపల సంచులు ఉన్నాయి కాబట్టి బతికిపోయాను. మా తమ్ముడు ఐవర్ వచ్చి, చిన్నపిల్లని తిట్టినట్టు తిట్టి, ఆ నిచ్చెనని అక్కడికక్కడే ముక్కలు చేసి ఆవిరిగది పొయ్యిలో పెట్టేశాడు. మీ నాన్న జ్ఞాపకమని నువ్వు బాధపడతావేమో. మంటకి మాత్రం బాగా పనికొచ్చింది.

ఇప్పుడు కప్పులోకి మడిచి దాచేసే నిచ్చెన బిగించుకోమంటున్నాడు, తాడు పట్టి లాగితే కిందికి దిగే రకం. బిగించేది తనే. ఎక్కడ కొయ్యాలో చెప్పమంటున్నాడు. మా ఆయన్ని అడక్కుండా కప్పుకి కన్నం పెడితే చలికాలమంతా సణుగుడు వినాలి, ఆగమన్నాను.

వాడు చెప్పిందిది. అటక మీద నిటారుగా నిలబడాలంటే కన్నం మధ్యలోనే ఉండాలి, కప్పు ఎత్తు అక్కడే. దూలాలు ఆ గోడ నుంచి ఈ గోడకి అడ్డంగా వేసి ఉన్నాయి కాబట్టి నిచ్చెన కూడా అడ్డంగానే తెరుచుకుంటుంది. అంటే కాళ్ళు నీ ట్రక్కు పెట్టే వైపు దిగాలి, లేదా నా కారు పెట్టే వైపు దిగాలి. నా వైపు తలుపు ఎత్తే మోటారు కమ్మీ కప్పుకి వేలాడుతూ అడ్డం. నీ వైపు ఏ అడ్డమూ లేదు. నీ వైపే మంచిదని నాకూ అనిపిస్తోంది. ఏడాదిలో ఎక్కువ రోజులు నువ్వు ఉండవు కదా.

ఊ అని ఒక్క ముక్క రాస్తే చాలు. ఏలకుల రొట్టె పంపుతున్నాను.

హిల్యా

*

ఓడ మీద, డెట్రాయిట్ నది
మే రెండో వారం

నా హిల్యాకు,

బకెట్ తాడు కట్టి దించాం, టపా పడవవాడు అందులో నీ ఉత్తరమూ రొట్టే పడేశాడు. పైకి లాగి విప్పేసరికి ఎక్కడెక్కడి వాళ్ళో మూగారు. నాకు దక్కింది అంచు ముక్క. ఏలకులు ఈసారి దండిగా వేశావని దాంతోనే తెలిసింది.

మోకాలికి వేడి కాపడం పెట్టు. మా నాన్న నిచ్చెన సంగతి వదిలెయ్. ఆయన చేసిన వాటిలో విరగనిది నేనొక్కణ్ణే.

ఇక అసలు సంగతి. ఐవర్ మంచి వడ్రంగి, కాదనను. కానీ బతుకంతా నిచ్చెనలెక్కీ దిగీ గడిపింది నేను. ఓడలో నిచ్చెన ఎప్పుడూ ముక్కు నుంచి తోక వైపు పొడుగ్గా ఉంటుంది. అడ్డంగా ఎవడూ పెట్టడు. ఓడ పక్కకి ఊగితే మనిషి ఎగిరి అవతల పడతాడు. అందుకని మన నిచ్చెన తల వెనక గోడ వైపు, కాళ్ళు పెద్ద తలుపు వైపు ఉండాలి. దూలాలు అడ్డంగా ఉన్నాయని వాడెందుకన్నాడో తెలియదు. అవి పొడుగ్గానే ఉంటాయి, నా గ్యారేజీ నాకు తెలియదా? బొమ్మ గీసి పెట్టాను, వాడికి ఇవ్వు. నీ వైపు గోడకి చిన్న కిటికీ ఉంది కదా, దాని పక్కన కొయ్యమను.

నా వైపు మాత్రం వద్దే వద్దు. అక్కడ ట్రక్కు ఉంది. నిచ్చెన కాలు తగిలి గీత పడిందంటే వచ్చి ఐవర్ తోలు వలుస్తాను. అయినా అటక మీద ఏముంది గనక? క్రిస్మస్ దీపాలూ ఖాళీ సీసాలూ. ఏడాదికోసారి దింపుతాం, ఏడాదికోసారి ఎక్కిస్తాం. దానికింత ఆలోచనా? ఇంతకీ ఏప్రిల్‌లో పైకెందుకు ఎక్కావు?

నీ
అర్మాస్

*

హాన్‌కాక్
మే ఆఖరు

ప్రియమైన అర్మాస్‌కు,

నీ బొమ్మ ఐవర్‌కి ఇచ్చాను. వాడు దాన్ని ఇటు తిప్పి చూశాడు, అటు తిప్పి చూశాడు, తర్వాత కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ఎవరి గ్యారేజీ ఇదని అడిగాడు. నాకూ నవ్వొచ్చింది, తర్వాత ఎందుకో రాలేదు.

మన గ్యారేజీ ఊగదు అర్మాస్. దూలాలు అడ్డంగానే ఉన్నాయి, నేను తల పైకెత్తి చూసి రాస్తున్నాను. నువ్వు చెప్పినట్టు పొడుగ్గా పెట్టాలంటే మూడింటిని కొయ్యాలి, కప్పు మన నెత్తిన పడుతుంది. కిటికీ నా వైపు లేదు, నీ వైపు ఉంది. దక్షిణపు గోడకి. నువ్వు వచ్చేసరికి దాని మీద చెక్క కొట్టేసి ఉంటుంది, బయట మంచు చూరుదాకా పేరుకుని ఉంటుంది, అందుకే నీకది ఎటుందో గుర్తులేదు. దాని పక్కన చిన్న తలుపు కూడా ఉంది. అది నువ్వు బొమ్మలో వెయ్యనే లేదు. చలికాలంలో అది తెరుచుకోదు. మే నుంచి అందరూ ఆ తలుపులోంచే వస్తారు.

నిన్ను నొప్పించాలని కాదు, ఉన్నమాట రాస్తున్నాను. పెళ్ళయిన ఏడాది తప్పిస్తే ఈ ఇంటిని నువ్వు వేసవిలో చూడలేదు.

నీ వైపు దింపుకుంటానంటే నీకేమిటి కష్టం? ట్రక్కు మీద గీత పడదు, పూచీ నాది. ఏప్రిల్‌లో ఎందుకెక్కానంటే, పనుండి ఎక్కాను.

మోకాలు తగ్గింది.

హిల్యా

*

ఓడ మీద, సుపీరియర్ సరస్సు
జూన్ మూడో వారం

హిల్యాకు,

ఇవాళ పొద్దున్న మన కొండల పక్క నుంచే వెళ్ళాం. చుక్కాని నా చేతిలోనే ఉంది. ఆ పచ్చదనం వెనకాల నువ్వున్నావు, నేనేమో ఇనుప రాయి మోసుకుంటూ ఆగకుండా పోతున్నాను. ఇన్నేళ్ళూ అలాగే పోయాను. నీ ఉత్తరం జేబులో ఉంది. వేసవిలో చూడలేదన్న ముక్క గుచ్చుకుంది. నిజం కాబట్టే గుచ్చుకుంది.

అందుకే ముందు నీకే చెబుతున్నాను, ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఈ ఓడని ఈ ఏడాది తర్వాత తుక్కుకి పంపేస్తున్నారు. వేరే ఓడలో చోటు ఇస్తామన్నారు. వద్దన్నాను. భుజం పైకి లేవడం లేదు. జనవరిలో ఇంటికొచ్చాక ఇక మార్చిలో పెట్టె సర్దను. వచ్చేశానంటే వచ్చేసినట్టే.

నాకేం కావాలో అప్పుడే అంతా ఆలోచించి పెట్టుకున్నాను. నా వైపు గోడ పొడుగునా ఒక పనిబల్ల. నువ్వు చెప్పిన ఆ కిటికీ చెక్క పీకేసి, దాని కింద ఒక కుర్చీ, ఒక రేడియో. మంచు కరిగి ఆ కిటికీ అంచు నుంచి కిందికి దిగడం కూర్చుని చూస్తాను. ఒక చిన్న పడవ చేస్తాను, చెక్కది, నువ్వూ నేనూ చేపలకి వెళ్ళడానికి. నువ్వు కాఫీ తెచ్చి ఇస్తావు. ఇన్నాళ్ళూ నా ఇంట్లో నేను చుట్టాన్ని. ఇక కాను.

కాబట్టి నా వైపు నేలంతా నాకు కావాలి. నిచ్చెన కాళ్ళు నీ వైపే దింపించు. ఆ మోటారు కమ్మీ ఎటైనా జరపమను ఐవర్‌ని, వాడికి చేతకాదా?

అందరూ వస్తారన్నావు. అందరూ అంటే ఎవరు?

నీ
అర్మాస్

*

హాన్‌కాక్
జూలై

అర్మాస్‌కు,

నీ ఉత్తరం అందింది. అంతా చదివాను.

ఇక్కడ స్ట్రాబెర్రీలు బాగా కాశాయి. జామ్ పెట్టాను. పక్షులు కూడా వాటి వంతు తిన్నాయి. ఐవర్‌కి చర్చి కప్పు పని వచ్చిపడింది, నిచ్చెన సంగతి తర్వాత చూద్దామన్నాడు. తొందరేం లేదు.

భుజానికి ఏదైనా రాసుకో. ఓడలో తడి బట్టలతో పడుకోకు.

హిల్యా

*

ఓడ మీద, సూ లాకుల దగ్గర
ఆగస్టు మొదట్లో

హిల్యాకు,

నేను ఇంటికి వచ్చేస్తున్నానని రాస్తే నువ్వు స్ట్రాబెర్రీల గురించి రాశావు. చదివి, చేతిరాత నీదేనా అని మళ్ళీ చూశాను.

ఆ తర్వాత నాకు ఇంకో వార్త వచ్చింది. ఇంజను గదిలో డెల్బర్ట్ అని ఉన్నాడు, మన వంతెన అవతలివాడు. కూతురి పెళ్ళికని వెళ్ళి నిన్న మళ్ళీ ఓడెక్కాడు. వాళ్ళావిడ వాడి గదిలో పరుచుకోమని ఒక పేలికల తివాసీ ఇచ్చి పంపింది. వాడు నాకు చూపించి, మీ ఆవిడ నేసిందే, నీకు తెలుసుగా అన్నాడు. తెలుసన్నాను. ఇంకేమంటాను? వాడే చెప్పుకుంటూ పోయాడు. వేసవిలో మీ గ్యారేజీ ఆడవాళ్ళతో కిటకిటలాడుతుందట, దక్షిణపు కిటికీ దగ్గరున్న మగ్గం చప్పుడు వీధి చివరిదాకా వినిపిస్తుందట, వాళ్ళావిడ కూడా మంగళవారం మంగళవారం వస్తుందట. ఆ కాఫీ, ఆ నవ్వులు. నీ అదృష్టం అర్మాస్ అన్నాడు. ఊళ్ళో అందరికీ తెలిసిన నా ఇల్లు నాకొక్కడికే తెలియదు.

తివాసీలో ఎర్రా నల్లా గళ్ళ పట్టీ ఒకటి ఉంది. అది నా చొక్కా. పోయిందనుకుని రెండు చలికాలాలు వెతికాను. నువ్వూ నాతో పాటు మంచాల కింద వంగి వెతికావు. గుర్తుందా?

వాడి గది గుమ్మంలో నిలబడి, దాన్ని తొక్కుతూ మాట్లాడాను.

ఒక్క ప్రశ్న. నా వైపు మగ్గం ఉంటే నా ట్రక్కు ఎక్కడుంది?

అర్మాస్

*

హాన్‌కాక్
ఆగస్టు ఆఖరు

అర్మాస్‌కు,

ట్రక్కు ఐవర్ కొట్టంలో ఉంది. ప్రతి ఏప్రిల్‌లోనూ అక్కడికి వెళుతుంది, నువ్వు వచ్చే ముందు డిసెంబర్‌లో తిరిగి వస్తుంది. ఐవర్ దాన్ని అప్పుడప్పుడు నడుపుతాడు కాబట్టే నువ్వు తాళం తిప్పగానే మొరాయించకుండా లేస్తుంది. ఎంత మంచి బండో చూడు, అన్నాళ్ళు కదలకపోయినా ఒక్క తిప్పుకి లేచిందని ఏటా మెచ్చుకుంటావు. మేమిద్దరం మొహాలు చూసుకునేవాళ్ళం.

మగ్గం మా అమ్మది. మనమ్మాయి మర్యా బడికి పోవడం మొదలుపెట్టిన ఏడాది తెచ్చుకున్నాను. ఇల్లంతా ఖాళీగా ఉండేది. నువ్వా చలికాలం వచ్చి, చీకట్లో మోకాలు దానికి కొట్టుకుని, “ఇది గ్యారేజీనా, నేత మిల్లా? ఈ కట్టెలు తీసెయ్, నా బండికి చోటు లేదు” అన్నావు. నీకు గుర్తుండదు. కోపంగా కూడా అనలేదు. ఎంతో తేలిగ్గా అన్నావు. విప్పదీసి అటక మీద పెట్టాను. నువ్వు వెళ్ళాక దింపాను. అప్పటి నుంచి అంతే. ఏటా ఏప్రిల్‌లో దింపుతాం, డిసెంబర్‌లో ఎక్కిస్తాం. పడుగు చుట్టే కొయ్య నాకన్నా పొడుగు. దాన్ని దింపుదామని ఎక్కుతుంటేనే మెట్టు విరిగింది. ఇప్పుడు తెలిసిందిగా, నిచ్చెన కాళ్ళు నీ వైపు ఎందుకు దిగాలన్నానో. మగ్గం సరాసరి ఉండే చోటికే దిగుతుంది.

చొక్కా సంగతి నిజం. మోచేతుల దగ్గర చిరిగింది, చింపేశాను. నువ్వు వెతికినప్పుడు చెప్పి ఉండాల్సింది. చెబితే మగ్గం సంగతి చెప్పాలి.

వాళ్ళు మంగళవారం వస్తారు, ఎనిమిది మందో పది మందో. ఎల్మా మొగుడు పోయాక ఆరు నెలలు ఎవరితోనూ మాట్లాడలేదు. మా దగ్గర పేలికలు చింపుతూ కూర్చుని మాట్లాడింది. ఆ కిటికీలోంచి సాయంత్రం దాకా ఎండ వస్తుంది. నువ్వు కుర్చీ వేసుకుంటానన్న చోటే నా బల్ల ఉంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇదే అన్నిటికన్నా కష్టం. నువ్వు వచ్చేస్తున్నావని చదివినప్పుడు నాకు సంతోషం కలగలేదు. కలుగుతుందేమోనని రోజంతా చూశాను. నా నేల పోతోందని ఏడుపొచ్చింది. అందుకే స్ట్రాబెర్రీల గురించి రాశాను. నువ్వు చెడ్డవాడివని కాదు. ఓడలో నీకొక బతుకుంది, దాని గురించి నేనెప్పుడూ అడగలేదు. ఇక్కడ నాకొకటి ఉంది. అది నువ్వు లేనప్పుడే ఉంటుంది. నువ్వు రాగానే దాన్ని విప్పి కట్ట కట్టి పైన పెట్టడం నాకు చాతనైంది, కానీ ఇక చాతకాదు.

ఇంతా తెలిశాక నువ్వే చెప్పు, కాళ్ళు ఎటు దింపించమంటావు?

హిల్యా

*

ఓడ మీద, డెట్రాయిట్ నది
సెప్టెంబర్

హిల్యాకు,

అడిగావు కాబట్టి చెబుతున్నాను. కాళ్ళు నీ వైపు దింపించు. నీ వైపు అని ముందు రాశాను, ఇప్పుడూ అదే రాస్తున్నాను. నా వైపు నా ట్రక్కుకి.

ఎండావానా మంచుగాలీ అనకుండా చుక్కాని పట్టుకుని నిలబడ్డ ప్రతి రోజూ నేను ఆ నాలుగు గోడల గురించే ఆలోచించాను. వెనక గోడకి మేకులు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఏ మేకుకి ఏది తగిలించానో పడుకుని లెక్కపెట్టుకునేవాణ్ణి. ఇప్పుడు తెలిసింది, ఆ సామానంతా ఏటా నా కోసం నాటకంలో తెర కట్టినట్టు కట్టి, నేను వెళ్ళగానే విప్పేస్తున్నారని. మనమ్మాయికి కూడా తెలుసు, అవునా? చెప్పనక్కర్లేదు, తెలుసు.

డెల్బర్ట్ ఇవాళ కాఫీ దగ్గర, మీ ఆవిడ ఎలా ఉందని అడిగాడు. నాకన్నా నీకే బాగా తెలుసు, నువ్వే చెప్పన్నాను. వాడికి అర్థం కాలేదు.

మగ్గం ఎక్కడ పెట్టుకుంటావో నీ ఇష్టం. నిచ్చెన మాత్రం చెప్పినట్టు పెట్టించు.

అర్మాస్

*

హాన్‌కాక్
నవంబర్

అర్మాస్‌కు,

నిచ్చెన నువ్వు చెప్పినట్టే పెట్టించాను. కన్నం మధ్యలో, కాళ్ళు నా వైపు. మోటారు కమ్మీ ఎటు జరిపినా తగులుతోందని ఐవర్ అంటే మోటారే పీకించేశాను. ఇప్పుడా తలుపు చేత్తో ఎత్తాలి, మంచు గడ్డకట్టినప్పుడు నా వల్ల కాదు. అందుకని నా కారు ఇక వాకిట్లోనే ఉంటుంది. మంచు తుడుచుకుంటాను.

తాడు లాగితే నిచ్చెన చక్కగా దిగుతోంది. ఒక కాలు కొంచెం ఆడుతోంది, ఐవర్ మళ్ళీ వచ్చి చూస్తానన్నాడు. ఏం ఫరవాలేదు, నేను జాగ్రత్తగా ఎక్కాను. ఎక్కిందీ దిగిందీ లెక్కలేదు. నీ గాలాలు, మంచు తొలిచే బరమా, జింక కొమ్ములు, రెండు రంపాలు, మీ నాన్న పనిముట్ల పెట్టె, నీ గొర్రెతోలు కోటు, ఆ విరిగిన రేడియో, వెనక గోడ మేకులకి ఉన్నవన్నీ పైన సర్దాను. కప్పు ఎత్తుగా ఉన్న చోట, నిలబడి తీసుకునేట్టు. ఏదీ పారెయ్యలేదు. నీ కుర్చీ కూడా ఎక్కించాం, ఐవర్ కింద నుంచి తోశాడు.

మగ్గం నీ వైపు ఉంది. ఈ డిసెంబర్‌లో అది పైకి వెళ్ళదు. ఏ డిసెంబర్‌లోనూ వెళ్ళదు. చలికి తట్టుకునేట్టు ఒక పొయ్యి పెట్టించి, చిన్న తలుపు దాకా మంచు తవ్వించి దారి చేయించాను. ట్రక్కు ఐవర్ కొట్టంలోనే ఉంటుంది, తాళం తిప్పితే లేస్తుంది.

నిన్ను రావద్దనడం లేదు. ఇంట్లో నీ మంచం ఉంది, బల్ల దగ్గర నీ చోటు ఉంది, శనివారం ఆవిరిగది వేడి చేసి ఉంచుతాను. ఇల్లంతా నీది కూడా. ఆ ఒక్క నేల ముక్క కాదు. నువ్వు మెత్తబడతావని ఇది రాయడం లేదు, నేను మెత్తబడకుండా ఉండాలని రాస్తున్నాను. ఎప్పుడొస్తావో రాస్తే బస్సు దగ్గరికి వస్తాను.

హిల్యా

*

డులూత్ రేవు
జనవరి, 1985

హిల్యాకు,

ఓడని ఇక్కడ కట్టేశారు. అందరూ ఇళ్ళకి పోయారు. వసంతంలో తుక్కుకి లాక్కెళ్ళేదాకా ఎవరో ఒకరు లోపల ఉండి కాపలా కాయాలి, పైపులు గడ్డకట్టకుండా చూసుకోవాలి. సాధారణంగా పెళ్ళాం లేనివాడికి అంటగట్టే పని. నేను ఉంటానన్నాను. కంపెనీవాళ్ళు ఆశ్చర్యపోయారు.

పోయిన ఆదివారం ఇంటికి వచ్చాను. చెప్పకుండా వచ్చాను, బస్సులో. నువ్వు లేవనుకుంటాను, చర్చి వేళ కదా. ముందు తలుపు దగ్గరికి పోలేదు. ఆ చిన్న తలుపు ఎక్కడుందో చూడాలనిపించింది. తవ్విన దారి పట్టుకుని వెళితే దొరికింది. ఇన్నేళ్ళుగా నా గోడకి ఉన్న తలుపుని మొదటిసారి నెట్టాను. తాళం లేదు.

లోపల వెచ్చగా ఉంది. పొయ్యిలో నిప్పు ఇంకా ఉంది. మగ్గం మీద సగం నేసినది ఉంది. చెయ్యి పెట్టలేదు. వంగి చూశాను, అందులో నా బట్టలేవీ లేవు.

నిచ్చెన దింపాను. వెనక గోడ వైపు కాలు నేలకి ఆనింది, పెద్ద తలుపు వైపు కాలు గాల్లో ఉంది. ఐవర్ రెండూ సమానంగా కోశాడు. మంచు కరిగిన నీళ్ళు బయటికి పోవాలని ఆ నేలని తలుపు వైపు వాలుగా పోశాం. ట్రక్కు కింద కారిన నీళ్ళు ఎటు పారతాయో చలికాలమంతా చూసిన వాణ్ణి నేను. వేసవిలో చూసే మీ ఇద్దరికీ అది తెలియదు. పైకెక్కి నా రంపం తెచ్చుకుని వెనక కాలు వేలెడు కోశాను. ఇప్పుడు రెండూ ఆనతాయి. ఎక్కినప్పుడు నువ్వు పడవు.

తర్వాత మళ్ళీ పైకెళ్ళాను. అన్నీ శుభ్రంగా సర్దావు. నా చేత్తో నేను కూడా అలా సర్దలేను. ఏది ముందు కావాలో ఏది వెనకో, అంతా తెలిసిన మనిషి సర్దినట్టుంది. కుర్చీలో కూర్చున్నాను. ఓడలో నా గది కన్నా పెద్దదే. కింద పొయ్యి వేడి దూలాల సందుల్లోంచి పైకి వస్తోంది. అక్కడ చాలాసేపు ఉండాలనిపించింది, దానికి నాకు సిగ్గేసింది. గొర్రెతోలు కోటు తీసుకుని, నిచ్చెన మడిచి పైకి నెట్టేసి, మధ్యాహ్నం బస్సుకి వచ్చేశాను.

కోటు కనిపించక వెతుక్కుంటావని రాస్తున్నాను.

అర్మాస్

*

హాన్‌కాక్
జనవరి ఆఖరు

అర్మాస్‌కు,

కోటు కోసం వెతకలేదు. నువ్వు దాన్ని చేతి మీద వేసుకుని వెళ్ళడం చూశాను. అంత చలిలో తొడుక్కోలేదేమిటా అనుకున్నాను.

నేను లేననుకున్నానని రాశావు. నా కారు వాకిట్లో ఎదురుగా ఉంది, దాని మీద రాత్రి పడ్డ మంచు అలాగే ఉంది. పొగగొట్టంలోంచి పొగ వస్తోంది. ఓడ నడిపేవాడివి, పొగ చూడలేదా? నేను ఉన్నానని నీకు తెలుసు. తెలిసే ముందు తలుపు దగ్గరికి రాలేదు.

నిన్ననడానికి నాకు మాత్రం ఏం నోరుంది? నువ్వు వీధి మలుపు తిరుగుతుండగానే వంటింటి కిటికీలోంచి చూశాను. ఆ నడక నీది కాకపోతే ఎవరిది? తల మీద రుమాలు కట్టుకుని చర్చికి బయల్దేరుతున్నదాన్ని అలాగే నిలబడిపోయాను. నువ్వు దారి వెతుక్కోవడం చూశాను. చిన్న తలుపు చప్పుడు విన్నాను, నిచ్చెన దిగడం విన్నాను, రంపం విన్నాను. అది ఆగాక ఏమీ వినిపించలేదు. నువ్వు పైన కూర్చుని ఉంటావని అర్థమైంది. వాకిలి దాటి నాలుగడుగులు వేస్తే నీ దగ్గర ఉండేదాన్ని. రెండుసార్లు తలుపు పిడి మీద చెయ్యి వేశాను. వస్తే నువ్వు దిగుతావు, దిగితే మగ్గం పక్కన నిలబడతావు, నువ్వు ఏమీ అనకపోయినా సరే, దాన్ని నేనే విప్పడం మొదలుపెడతాను. నన్ను నేను ఎరుగుదును.

నీ బట్టలు లేవని చూసుకున్నావు కదా. నువ్వు వచ్చి తొడుక్కుంటావని ఒక్కటీ చింపలేదు. బీరువాలో మడిచి ఉన్నాయి, కావాలంటే టపాలో పంపుతాను.

నిచ్చెన ఇప్పుడు కదలడం లేదు. నిన్న ఎక్కి చూశాను. రంపపు పొడి నువ్వే ఊడ్చి వెళ్ళావు.

నువ్వు కుర్చీలో కూర్చున్నంతసేపూ నేను కుళాయి తిప్పలేదు అర్మాస్. పొయ్యి మీద కాఫీ పొంగి మాడిపోతుంటే కూడా ముట్టుకోలేదు. చప్పుడు నీకు వినిపిస్తుందని.

హిల్యా